దోసె పోసి పెట్టే డబ్బు వేరు, పోయడం నేర్పే డబ్బు వేరు

ఆస్ట్రేలియాలో పిల్లలకో పెద్దలకో ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవాళ్లకి సాయం కోసం డబ్బిచ్చే ప్రభుత్వ పథకం) ప్లాన్ చేతికొచ్చాక మనవాళ్లు ముందుగా తికమకపడేది ఒక్క చోటే. రోజువారీ సాయానికిచ్చే కోర్ పద్దులో డబ్బు మిగిలిపోతోంది, స్పీచ్ థెరపీకేమో చాలట్లేదు, అందులోంచి తీసి ఇందులో వేయండంటే కుదరదంటారు. థెరపీ డబ్బు కెపాసిటీ బిల్డింగ్, అంటే సొంతంగా చేసుకోవడం నేర్పే వేరే పద్దు, దానికి తాళం వేసి ఉంటుంది. తాళం ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

2013కి ముందు వికలాంగుల సేవలు చాలావరకు రాష్ట్రాల చేతిలో ఉండేవి. డబ్బు మనిషికి కాదు, సంస్థకి వెళ్లేది, మనం లైన్లో నిలబడాలి. చిన్నపిల్లలకి మాత్రం కేంద్రం 2008లో ఒక చిన్న దారి తెరిచింది. ఆటిజం ఉన్న పిల్లలకి చిన్న వయసులోనే థెరపీకి మొత్తం 12,000 డాలర్లు, ఏడాదికి 6,000 మించకుండా. 2011లో డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ లాంటివాటికీ అదే ఇచ్చారు. ఆ డబ్బు అయిపోతే మళ్లీ మొదటికే.

అదే 2011లో ప్రభుత్వానికి ఆర్థిక సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ తన నివేదికలో వికలాంగులకిచ్చే సాయం దానంలా కాదు, బీమాలా నడవాలని చెప్పింది. బీమా లెక్క అంటే, ఈ ఏడు ఎంతయిందని కాదు, జీవితకాలం మొత్తానికి ఎంతవుతుందని చూడటం. ఇవాళ నేర్పితే రేపు సాయం తక్కువ పడుతుంది, కాబట్టి ఇవాళే ఖర్చు పెట్టు. అప్పటి ప్రధాని జూలియా గిల్లార్డ్ ప్రభుత్వం 2013 మార్చిలో ఎన్‌డీఐఎస్ చట్టం చేసింది, జులై 1న హంటర్, బార్వన్ లాంటి కొన్ని ప్రాంతాల్లో మొదలైంది, దీని ఖర్చు కోసం 2014 నుంచి ఆదాయం మీద కట్టే మెడికేర్ లెవీ 1.5 శాతం నుంచి 2 శాతం అయింది.

నాకైతే అసలు కిటుకు ఇక్కడే కనిపిస్తుంది. కోర్ అంటే అవసరం, కెపాసిటీ బిల్డింగ్ అంటే పెట్టుబడి. పెట్టుబడి పెట్టినవాడు లాభం అడుగుతాడు, అందుకే ప్లాన్ మళ్లీ చూసేటప్పుడు బాబు ఏం నేర్చుకున్నాడు, రిపోర్ట్ ఏది అంటారు.

సిడ్నీలో ఒక కుర్రాడు వెంట్‌వర్త్‌విల్‌లో ట్రైన్ ఎక్కి పారమట్టాలో దిగాలి అనుకోండి, రెండు స్టేషన్లే. పక్కన సపోర్ట్ వర్కర్ కూర్చుని తీసుకెళ్తే కోర్. టికెట్‌గా వాడే ఓపల్ కార్డ్ ఎక్కడ ట్యాప్ చేయాలి, ప్లాట్‌ఫాం మారిస్తే ఎవర్ని అడగాలి, ఇవన్నీ నేర్పి నెమ్మదిగా పక్కనుంచి తప్పుకుంటే కెపాసిటీ బిల్డింగ్. మనిళ్లల్లో ఇంకో చిక్కుంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి అమ్మ ముద్దలు కలిపి పెడుతుంటే మనకది వింత కాదు, ప్రేమే. ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్) అడిగితే మాత్రం "వాడే తింటాడండీ" అనేస్తాం, పరువు కోసం. అలా అంటే రిపోర్ట్‌లో ఆ అవసరమే కనిపించదు, థెరపీ గంటలూ రావు.

ఆ గంటలు కూడా చూస్తుండగానే కరిగిపోతాయి. ఓటీకి గంటకి గరిష్ఠ ధర 2025లో 193.99 డాలర్లు, అంటే 8,000 డాలర్లు వచ్చినా నలభై ఒక్క గంటలే, రిపోర్ట్ రాసే టైమూ అందులోంచే పోతుంది.

పథకం ఖర్చు అనుకున్నదానికన్నా వేగంగా పెరిగేసరికి 2023లో పెద్ద సమీక్ష చేశారు, ఎన్‌డీఐఎస్ రూపకర్తల్లో ఒకరైన బ్రూస్ బోనీహాడీ, లీసా పాల్ కలిసి. 2024 అక్టోబర్ నుంచి కొత్త చట్టం, దేనికి వాడొచ్చో దేనికి వాడకూడదో జాబితా, ఆపైన ప్లాన్ డబ్బు ఒకేసారి కాకుండా విడతలుగా. ఒకప్పుడు "ఇవాళే ఖర్చు పెట్టు" అన్న పథకం ఇప్పుడు ప్రతి గంటకీ లెక్క అడుగుతోంది.

ఇంతా చేసి, ఇదంతా సిటిజన్లకీ, పీఆర్ (శాశ్వత నివాస వీసా) ఉన్నవాళ్లకీ, కివీల్లో, అంటే న్యూజిలాండ్ వాళ్లల్లో, కొందరికీ మాత్రమే. వర్క్ వీసా మీద వచ్చిన కుటుంబం పీఆర్ వచ్చేదాకా స్పీచ్ థెరపీ బిల్లు సొంత జేబులోంచే కట్టుకోవాలి, పిల్లాడికి మాటలు నేర్పాల్సిన ఏళ్లు అవే అయినా సరే.