రక్తపింజరి కాటు, గాజు గొట్టం

“పాము కరిచిందని ఆసుపత్రికి తీసుకుపోతే, కాస్త రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు అలాగే పెట్టారు. ఆ టైం వృథా కాదా?” అని కోవూరు వైపు పాఠకుడొకరి ప్రశ్న.

కాదు. పెన్నా కింద మాగాణుల్లో, కందుకూరు పొగాకు చేలల్లో తిరిగేవాళ్లకు ఇది ప్రాణం నిలిపే పరీక్ష. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే మాత్రం దీనికోసం ఆగరు, మందు మొదలుపెడతారు.

నరంలోంచి తీసిన 2 మి.లీ. రక్తం, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టం. అంతే సరంజామా. కదపకూడదు. 20 నిమిషాలు నిండాక ఒక్కసారి ఒంచాలి. గడ్డ నిలిస్తే సరే, నీళ్లలా జారితే విషం రక్తానికెక్కినట్టే.

గాజే ఎందుకంటే, పరీక్షంతా ఆ గోడలోనే ఉంది. గాజు ఉపరితలానికి ఋణావేశం ఉంటుంది. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లను ఫ్యాక్టర్లంటారు, వాటికి అంకెలే పేర్లు. పన్నెండో ఫ్యాక్టర్ దానికి అతుక్కోగానే ఆకారం మారి మేలుకొంటుంది. అది పదకొండును, పదకొండు తొమ్మిదిని, తొమ్మిది పదిని లేపుతాయి. ఐదో ఫ్యాక్టర్ తోడుతో పదోది త్రాంబిన్‌ను పుట్టిస్తుంది. త్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ప్లాస్టిక్‌కు ఈ గుణం లేదు. అందులో పోస్తే మంచి రక్తమైనా గడ్డకట్టకపోవచ్చు. సబ్బుతో కడిగిన గాజుదీ అదే గతి, మిగిలిన పొర గోడను కప్పేస్తుంది. అప్పుడు అవసరం లేని మనిషికి ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కుతుంది, దానికి తీవ్రమైన ఎలర్జీ రావచ్చు. అనుమానం వస్తే వెంట వచ్చినవాళ్ల రక్తం అలాంటి గొట్టంలోనే పోసి పక్కన పెట్టాలి. అదీ గడ్డకట్టకపోతే తప్పు గొట్టానిదే.

రక్తపింజరి విషం ఈ మెట్లు ఎక్కదు. పదినీ ఐదునీ నేరుగా లేపుతుంది. వరిగడ్డితో వెంటి పేనేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది: వామిలో గడ్డంతా పనికిరాని వెంట్లకే అయిపోతే, మోపు కట్టే వేళకు ఏం పేనాలి? డెసిలీటరుకు 200 నుంచి 400 మి.గ్రా. ఉండాల్సిన ఫైబ్రినోజెన్ అడుగంటుతుంది. గాజు లేపినా పేనడానికి పోగు లేదు. రక్తాన్ని నేరుగా గడ్డకట్టించే ఈ విషపు గుణాన్నే 1934లో ఇంగ్లండులో మెక్‌ఫర్లేన్, బార్నెట్ అనే వైద్యులు హీమోఫీలియా (పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల గాయాల్లో రక్తం ఆపడానికి వాడి చూశారు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌ను (నరాల్లో రక్తం గడ్డలు కట్టే ముప్పు తెచ్చే ఒక యాంటీబాడీ) పట్టే ల్యాబు పరీక్షలో ఇప్పటికీ ఈ విషాన్నే పలచన చేసి వాడతారు.

తాచు, కట్లపాము కాట్లలో రక్తం గడ్డకడుతుంది. అక్కడ చూడాల్సింది వాలిపోయే కనురెప్పలు. ఇక మంత్రంతో బతికారనేవాళ్లలో చాలామందికి విషం ఎక్కని కాటే పడి ఉంటుంది. మంత్రగాడి గుమ్మంలో పోయిన గంట మాత్రం తిరిగి రాదు.

మొదటిసారి గడ్డకట్టినా ఇంటికి పంపరు. మూడు గంటలపాటు అరగంటకోసారి, తర్వాత గంటకోసారి పరీక్ష చేస్తారు. ఏఎస్‌వీ ఇచ్చాక మాత్రం 6 గంటలు ఆగాలి. మందు విషాన్ని అడ్డుకున్నా, ఖర్చయిన ఫైబ్రినోజెన్‌ను కాలేయం మళ్లీ తయారుచేసుకోవడానికి ఆ మాత్రం టైం పడుతుంది.