‘ఇస్తాం’ నుంచి ‘సమీకరిస్తాం’ దాకా

వాతావరణ నిధుల తగవు మళ్లీ రాజుకుంది. ధనిక దేశాలు వర్ధమాన దేశాలకు డబ్బు ఇచ్చి తీరాలని చెప్పే ప్యారిస్ ఒప్పందం 9.1 క్లాజును ప్రత్యేకంగా చర్చించాలని 2025 నవంబరులో, బ్రెజిల్‌లోని బెలెంలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో భారత్ పట్టుబట్టింది. చివరికి రెండేళ్ల చర్చల కార్యక్రమంతో సరిపెట్టారు.

1992లో రియోలో, ఆ తర్వాత క్యోటోలో కుదిరిన వాతావరణ ఒప్పందాల కథ అందరికీ తెలిసిందే. మెలిక పడింది మాత్రం 2009 డిసెంబరు 18న, కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో. చైనా ప్రధాని వెన్ జియాబావోతో మాట్లాడదామని ఒబామా గదిలోకి వస్తే, లోపల మన్మోహన్, బ్రెజిల్ అధ్యక్షుడు లూలా, దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమా కూడా కూర్చుని ఉన్నారు. బేరం అక్కడే తెగింది. మనవాళ్ల టెన్షన్ అంతా ఒక్కటే: కర్బన ఉద్గారాల కోతకు చట్టపరంగా కట్టుబడాల్సి రాకూడదు. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ (ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లినాయనే) ఆ గీత దాటబోమని లోక్‌సభకు చెప్పి మరీ వెళ్లారు. దాటలేదు కూడా.

జారిపోయింది డబ్బు పేరాలో. 1992 ఒప్పందంలో ఉన్నది ‘కొత్తగా, అదనంగా ఇవ్వాలి’ అని. కోపెన్‌హాగన్‌లో అది 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు ‘సమీకరించడం’గా మారింది, అదీ ప్రభుత్వ, ప్రైవేటు, రకరకాల మార్గాల నుంచి. అంటే బ్యాంకు అప్పూ సాయమే, కంపెనీ పెట్టుబడీ సాయమే. ఆ మొత్తం కూడా రెండేళ్లు ఆలస్యంగా, 2022లో గానీ దాటలేదని ధనిక దేశాల సంఘం ఓఈసీడీయే లెక్క చెప్పింది. అందులో ప్రభుత్వ మార్గాల్లో వచ్చినదాంట్లో దాదాపు 70 శాతం అప్పే. వరదలో మునిగినవాడికి వడ్డీకిచ్చి, దానం పద్దులో రాసుకున్నట్టు.

2024 నవంబరులో అజర్‌బైజాన్‌లోని బాకూ సదస్సులో వర్ధమాన దేశాలు అడిగింది ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు. దక్కిన హామీ 2035 నాటికి 30 వేల కోట్లు. దాని పక్కన ‘రకరకాల మార్గాల నుంచి’ అన్న కోపెన్‌హాగన్ వాక్యమే దాదాపు మాట మారకుండా వచ్చి కూర్చుంది. సదస్సు అధ్యక్షుడు ‘ఆమోదం’ అంటూ సుత్తి కొట్టేశాకే భారత ప్రతినిధి చాందినీ రైనాకు మైకు దొరికింది. ఇది కనికట్టు అన్నారామె. ఈ నిధులకు చైనా కూడా చెయ్యి వేయాలన్నది యూరప్ వాదన. తీసిపారేసేదేమీ కాదు.

బెలెం కార్యక్రమం 9.1ని విడిగా చర్చించదు, మొత్తం 9వ అధికరణలో భాగంగానే చూస్తుంది. ఆ అధికరణలోనే, రెండు క్లాజులు కిందికి వెళితే, ‘సమీకరించడం’ ఉంది.