గోధుమ గింజ బరువు వెనుక వందేళ్ల హార్మోన్ల చరిత్ర

2022 మార్చిలో ఉత్తర భారతంలో ఎండలు ముందే ముదిరి, పాలు పోసుకునే దశ దాటని గోధుమ గింజలు చాలాచోట్ల నిండకుండానే ఎండిపోయాయి. మే 13న కేంద్రం గోధుమల ఎగుమతిని నిషేధించింది. గోధుమ పండని చెన్నైలో కూడా, రాత్రిపూట చపాతీలకు అలవాటుపడిన తెలుగు కుటుంబాలకు పిండి ధర పెరిగిన సంగతి తెలియకపోలేదు. రేషన్ దుకాణం నుంచి తెచ్చిన గోధుమలను చేటలో పోసి చూస్తే, నడుమ లోతైన గాడితో ఉబ్బుగా ఉన్న గింజల మధ్య సన్నగా ముడతలు పడ్డవి కూడా కనిపిస్తాయి. బాగా నిండిన గింజలు వెయ్యి తూస్తే సుమారు 40 గ్రాములు ఉంటాయి; ముడతలు పడ్డవి అంతకన్నా బాగా తక్కువ తూగుతాయి. ఎండ, నీరు, ఎరువు ఈ తేడాకు కారణమైనా, వాటి ప్రభావం గింజకు చేరడంలో మొక్కలోని హార్మోన్లకు పెద్ద పాత్ర ఉంది. ఏ హార్మోనుకు ఎంత స్పందించాలో నిర్ణయించేవి జన్యువులు.

ఈ చరిత్ర వరి పొలంలో మొదలైంది. తైవాన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త ఎయిచి కురొసావా, నారు సన్నగా, అసాధారణంగా పొడుగ్గా సాగిపోయే 'బకానే' తెగులుకు ఒక శిలీంధ్రం స్రవించే పదార్థమే కారణమని 1926లో చూపాడు. 1935లో జపాన్‌కే చెందిన శాస్త్రవేత్త యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. విచిత్రంగా అదే 1935లో గొంజిరో ఇనజుకా రూపొందించిన 'నోరిన్ 10' అనే పొట్టి గోధుమ రకం జపాన్‌లో విడుదలైంది. పొడుగు పెంచే ఆ పదార్థానికీ ఈ పొట్టి గోధుమకూ సంబంధం ఉందని తేలడానికి దశాబ్దాలు పట్టింది. 1946లో అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త ఎస్.సి. సాల్మన్ నోరిన్ 10 విత్తనాలను అమెరికాకు పంపాడు. అక్కడ గోధుమ శాస్త్రవేత్త ఆర్విల్ వోగెల్ వాటిని స్థానిక రకాలతో సంకరపరిచాడు. ఆ విత్తనం మెక్సికోలోని నార్మన్ బోర్లాగ్ చేతికి అందాక గోధుమ సాగు దారి మారింది.

మన దేశపు పాత రకాలు పొడుగ్గా పెరిగేవి. ఎరువు వేసి నీరు పెడితే కంకి బరువుకు కాడ ఆగలేక చేను పడిపోయేది. కుంభకోణంలో పుట్టిన ఎం.ఎస్. స్వామినాథన్ చొరవతో 1963లో బోర్లాగ్ భారత్‌కు వచ్చాడు. ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం అండతో 1966లో 18,000 టన్నుల మెక్సికో విత్తనం దిగుమతి అయింది. 1964–65లో సుమారు 1.2 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1967–68 నాటికి 1.65 కోట్ల టన్నులు దాటింది. గోధుమను అన్నంగా తినని తమిళనాడు నుంచి వచ్చిన ఇద్దరు ఇంత పని చేశారన్నది ఈ చెన్నై నగరంలో ఉన్నవాళ్లం గర్వంగా చెప్పుకోవలసిన మాట. స్వామినాథన్ 1988లో ఇక్కడి తరమణిలో పరిశోధనా సంస్థను స్థాపించి, 2023 సెప్టెంబరు 28న ఈ నగరంలోనే కన్నుమూశారు.

ఆ పొట్టిదనానికి అసలు కారణం 1999లో బయటపడింది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సెంటర్‌లో జిన్‌రాంగ్ పెంగ్, నికొలస్ హార్బర్డ్ బృందం దాని వెనుక ఉన్న జన్యువులను గుర్తించింది. మొక్కలో డెల్లా అనే ప్రొటీన్లు ఎదుగుదలకు కళ్లెంలా పనిచేస్తాయి. మొక్కలో హార్మోనుగా కూడా పనిచేసే జిబ్బరెల్లిన్ వచ్చినప్పుడు అవి విచ్ఛిన్నమై కణాలు సాగుతాయి. నోరిన్ 10 నుంచి వచ్చిన, ఆర్‌హెచ్‌టీ అనే పొట్టిదనపు జన్యువుల్లోని మార్పు వల్ల తయారయ్యే డెల్లాను మాత్రం జిబ్బరెల్లిన్ తొలగించలేకపోతుంది. దాంతో కాడ పొట్టిగా ఆగిపోతుంది, కాడకు పోవలసిన ఆహారంలో కొంత కంకికి మళ్లుతుంది, ఎక్కువ పూలు నిలిచి గింజలవుతాయి.

అయితే ఈ లాభం ఉచితంగా రాలేదు. జిబ్బరెల్లిన్‌కు స్పందన తగ్గించింది ఒక్క కాడలోనే కాదు, మొక్క అంతటా. ఈ రకాలు నత్రజనిని అంత పొదుపుగా వాడుకోలేవు కాబట్టి యూరియా ఎక్కువ అడుగుతాయి. మొలకను కప్పి ఉండే తొడుగు కూడా పొట్టిదవడంతో, తేమ కోసం విత్తనాన్ని లోతుగా వేస్తే మొలక పైకి రాలేకపోతుంది. కంకికి గింజల సంఖ్య పెరిగినా ఒక్కో గింజ బరువు తరచుగా కొంత తగ్గుతుంది. హరిత విప్లవం గురించి మాట్లాడేటప్పుడు ఈ చివరి విషయాన్ని తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ తరువాతి పరిశోధన చాలావరకు ఇక్కడి నుంచే బయలుదేరింది.

పూత తరువాత మొదటి కొద్ది రోజుల్లో గింజలో సైటోకైనిన్ అనే హార్మోను ఒక్కసారిగా పెరిగి, పిండి నిల్వ చేసే కణాల విభజనను నడిపిస్తుంది. ఎన్ని కణాలు ఏర్పడ్డాయన్నదాన్ని బట్టి ఆ గింజ ఎంత పిండి దాచుకోగలదో దాదాపు అప్పుడే ఖాయమవుతుంది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు పెరిగే ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను, పొట్ట దశలోనే పుప్పొడిని చెడగొట్టి గింజల సంఖ్యను తగ్గించగలదు. వరిలో సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైము జన్యువు బలహీనపడితే గింజల సంఖ్య పెరుగుతుందని 2005లో తేలింది. అదే సూత్రాన్ని గోధుమకు వర్తింపజేయడం అంత సులువు కాలేదు. రొట్టె గోధుమలో మూడు పూర్వీకుల జన్యుసంపద కలిసి ఉండటంతో ప్రతి జన్యువుకూ సాధారణంగా మూడు ప్రతులుంటాయి, ఒకటి చెడినా మిగతా రెండూ పని కానిస్తాయి. 21 క్రోమోజోముల పూర్తి పటం 2018లో గానీ వెలువడలేదు. అందులో 2ఏ క్రోమోజోము పనిలో మన శాస్త్రవేత్తల పాలు ఉంది.

ఆ తరువాత అడుగులు వేగంగా పడ్డాయి. సాధారణంగా వేళ్లలో పనిచేసే ఎక్స్‌పాన్సిన్ అనే ప్రొటీన్ కణకుడ్యాలను వదులు చేస్తుంది. దాన్ని ఎదిగే గింజలో పనిచేయించినప్పుడు గింజల సంఖ్య తగ్గకుండానే పొలంలో దిగుబడి 11.3 శాతం పెరిగిందని చిలీ పరిశోధకులు 2021లో ప్రకటించారు. అది జన్యుమార్పిడి మొక్క. 2023లో చైనా శాస్త్రవేత్తలు చూపిన దారి వేరు. ఒక గోధుమ రకంలో సహజంగానే ఒక ఆర్‌హెచ్‌టీ జన్యువు, ఎదుగుదలకు తోడ్పడే బ్రాసినోస్టెరాయిడ్ హార్మోను సంకేతాలను పెంచే పక్క జన్యువు రెండూ కలిసి తొలగిపోయాయి. అందువల్ల జిబ్బరెల్లిన్ స్పందన దెబ్బతినకుండానే మొక్క పొట్టిగా ఉంది, నత్రజనిని మెరుగ్గా వాడుకుంది, గింజ బరువు కూడా పెరిగింది. ఈ తొలగింపు ప్రకృతిలో దొరికినదే కనుక, ఆరు దశాబ్దాల కిందట మెక్సికో విత్తనంతో చేసినట్టే, మామూలు సంకరణ ద్వారా దీన్ని మన రకాల్లోకి తెచ్చుకునే వీలుంది.