ఆ 178 వేలు ఏ ఒక్కరి జీతమూ కాదు: లౌడన్ కౌంటీ ఆదాయాలపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకాయన ఫోన్ చేశారు. టెక్సస్ నుంచి మా వర్జీనియా లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్‌కి మారి ఆరు నెలలైందట, సగం ఏడాది వర్జీనియా ట్యాక్స్ ఎలా వేయాలో అడగడానికి చేశారు. అది రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, ఈ కౌంటీలో సగటు జీతం 178 వేలట కదా, నాకు 125 ఇస్తున్నారు, నేను తక్కువకి ఒప్పేసుకున్నానా?" అన్నారు. ఈ ప్రశ్న అడిగినవాళ్లలో ఈ నెలలోనే ఆయన నాలుగో మనిషి. వాట్సాప్‌లో ఏదో ఫార్వర్డ్ తిరుగుతున్నట్టుంది. అమెరికాలో అత్యంత ధనిక కౌంటీ, సగటు జీతం ఇంత, పక్కన డబ్బుల మూట బొమ్మ. తెనాలిలో ఉన్న మా అమ్మకి కూడా చేరింది, "మీ ఊళ్లో అందరికీ అంతేసి జీతాలేనటే?" అని అడిగింది.

నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) గుర్తింపు ఉన్న ట్యాక్స్ నిపుణురాలిని. ఆష్‌బర్న్, బ్రాంబుల్‌టన్, ఆల్డీ, సౌత్ రైడింగ్ వైపు మనవాళ్ల రిటర్న్‌లు చాలా ఏళ్లుగా నా టేబుల్ మీదుగానే వెళ్తున్నాయి. ఎవరికి ఎంత వస్తుందో, అందులో ఎంత మిగులుతుందో నాకు తెలుసు. అందుకే ఆ ఫార్వర్డ్ చూస్తే చిరాకు.

అపోహ: ఇక్కడ మనిషికి సగటున 178 వేల డాలర్ల జీతం.

అంకె నిజమే. సెన్సస్ బ్యూరో వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వే, 2019-2023 ఐదేళ్ల అంచనా ప్రకారం లౌడన్ కౌంటీ మీడియన్ హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్ 1,78,707 డాలర్లు. దేశం మొత్తానికి అదే అంకె 78,538. కౌంటీల్లో మనదే మొదటి స్థానం, అదీ నిజమే. కానీ అది జీతమూ కాదు, సగటూ కాదు, ఒక మనిషిదీ కాదు.

మీడియన్ అంటే మనం స్కూల్లో మధ్యగతం అని చదువుకున్నదే. ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న ఇల్లు. అంటే కౌంటీలో సగం ఇళ్లు ఆ అంకెకి కిందే ఉన్నాయి. హౌస్‌హోల్డ్ అంటే ఆ ఇంట్లో ఉండే పదిహేనేళ్లు దాటిన అందరి ఆదాయమూ కలిపి. మొగుడిది, పెళ్లాంది, షాపులో పార్ట్‌టైం చేసే పిల్లాడిది, పక్క గదిలో ఉండే రూమ్మేట్‌ది కూడా. నలుగురు బ్యాచిలర్లు ఒక టౌన్‌హౌస్ తీసుకుని తలా 95 వేలు సంపాదిస్తుంటే సెన్సస్ లెక్కలో అది 3,80,000 డాలర్ల ఇల్లు. వాళ్లలో ఒకడు నా దగ్గరికి వచ్చి కారు లోన్ కట్టలేకపోతున్నానని బాధపడతాడు, అది వేరే సంగతి.

ఇంకో మాట, అదంతా ట్యాక్స్ కట్ కాకముందు లెక్క. పైగా రిటైరై పెన్షన్ మీద బతికే ఇళ్లు ఇక్కడ తక్కువ, ఇద్దరూ పని చేసే నడివయసు కుటుంబాలు ఎక్కువ. 1990లో 86 వేల జనాభా ఉన్న కౌంటీ 2020కి 4,20,959 అయింది, ఆ వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఉద్యోగాల వయసువాళ్లే. తక్కువ జీతాలవాళ్లకి ఇక్కడ ఇల్లు దొరకదు కాబట్టి షాపుల్లో, ఎయిర్‌పోర్టులో పని చేసేవాళ్లలో కొందరు వెస్ట్ వర్జీనియా నుంచి రూట్ 9 మీద వచ్చిపోతుంటారు. పని ఇక్కడే, కానీ ఆదాయం లెక్క వాళ్లుండే కౌంటీలో పడుతుంది. ఇంత ఖరీదైన చోట ఎవరు ఉండగలిగారో వాళ్లనే లెక్కపెడితే అంకె పెద్దగానే వస్తుంది మరి.

సరే, లెక్క తప్పుగా అర్థం చేసుకుంటే పోయేదేముంది అంటారా? పోయేది ఇల్లు. నేను కళ్లారా చూస్తున్నది ఇదే, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం కూడా ఇదే.

ఒక జంట అనుకోండి. ఒకరికి 110 వేలు, ఇంకొకరికి 65 వేలు. మొత్తం 175. "మనం కౌంటీ లెవెల్లోనే ఉన్నాం" అనుకుంటారు. 7,50,000 డాలర్ల ఇల్లు చూస్తారు, పది శాతం డౌన్ పేమెంట్, ఆరుముప్పావు శాతం వడ్డీ. నెలకి అసలూ వడ్డీ కలిపి 4,380 దాకా. 2025 రేటు ప్రకారం వంద డాలర్లకి 80.5 సెంట్లు ప్రాపర్టీ ట్యాక్స్, అది నెలకి ఐదొందలు. ఇన్సూరెన్స్, పీఎంఐ (డౌన్ పేమెంట్ తక్కువైతే వేసే లోన్ ఇన్సూరెన్స్), హెచ్‌ఓఏ (కాలనీ సంఘం ఫీజు) కలుపుకుంటే 5,350 దగ్గర తేలుతుంది. కారు లోన్ ఆరొందలు వేసినా డీటీఐ (ఆదాయంలో అప్పుల కిస్తీల వాటా) 41 శాతం, లెండర్ సంతోషంగా అప్రూవ్ చేస్తాడు. ఎందుకంటే ఆయన చూసేది గ్రాస్, ఏమీ కట్ కాకముందు జీతం. ఫెడరల్, స్టేట్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, ఓ మాదిరి 401కే (రిటైర్మెంట్ పొదుపు), హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ పోగా ఆ ఇద్దరి చేతికీ వచ్చేది నెలకి పదివేలు, ఇంకాస్త అటూఇటూ. డేకేర్ ఒక్క బిడ్డకే రెండువేల పైమాట, ఆయన దాన్ని అడగడు. గ్రీన్‌వే టోల్ పీక్ టైంలో ఒక్కవైపుకే ఐదు డాలర్ల పైన, అదీ అడగడు. ఊళ్లో నాన్నగారికి పంపే డబ్బు గురించి అసలే అడగడు.

ఇంతవరకూ ఎలాగో లాక్కొస్తారు. ఇప్పుడు ఆ 65 వేలు హెచ్-4 ఈఏడీ మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న కొందరి భార్యకో భర్తకో గడువు పెట్టి ఇచ్చే పని అనుమతి కార్డు మీద, వస్తున్నదైతే?

ఇదివరకు రెన్యువల్ టైంకి వేస్తే, ఐ-94 (దేశంలో ఉండేందుకు ఇచ్చిన గడువు) తేదీ దాటనంత వరకు, గరిష్ఠంగా 540 రోజులు పాత కార్డు మీదే పని చేసుకోనిచ్చేవారు. 2025 అక్టోబర్ 30న గానీ ఆ తర్వాత గానీ వేసిన రెన్యువల్స్‌కి ఆ ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కార్డు తేదీ అయిపోయేసరికి కొత్తది చేతికి రాకపోతే ఆ రోజు నుంచి పని ఆపాల్సిందే. 175 వేల ఇల్లు ఒక్క రాత్రిలో 110 వేల ఇల్లు అవుతుంది. చేతికొచ్చేది 6,800 దగ్గర, అందులో ఇంటికి 5,350, కారుకి ఆరొందలు. మిగిలిన ఎనిమిది తొమ్మిదొందల్లో తిండి, కరెంటు, గ్యాస్, పిల్లల బూట్లు.

గత సీజన్‌లో ఒక అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఇదే లెక్క మూడుసార్లు వేయించుకుంది, అంకె మారుతుందేమో అని. నేను కూడా మూడుసార్లూ వేశాను. ఏం చెప్పాలి? ఇల్లు చూపించిన ఏజెంట్ ఆమెకి చెప్పింది "ఈ కౌంటీలో అందరూ ఇలాగే కొంటారు" అని.

అందుకే నా దగ్గరికి కొనకముందు వచ్చేవాళ్లకి ఒకటే చెప్తాను: తేదీ లేని ఆదాయం (వీసా, కార్డు గడువుతో ఆగిపోనిది) మీద ఈఎంఐ లెక్క వేసుకోండి, తేదీ ఉన్న ఆదాయం మీద సేవింగ్స్, 401కే, టూర్లు పెట్టుకోండి. హెచ్-1బీ కూడా తేదీ ఉన్నదే, ఉద్యోగం పోతే మామూలుగా దేశంలో ఉండేందుకు దొరికేది 60 రోజులు, కాబట్టి కనీసం ఆరునెలల ఈఎంఐ బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఈఏడీ రెన్యువల్ 180 రోజుల ముందు నుంచే వేయొచ్చు, మొదటి రోజే వేయండి, శని ఆదివారాలు చూసుకోకండి. ఇప్పటికే కొనేసి టెన్షన్ పడుతున్నవాళ్లు సిగ్గుపడక్కర్లేదు, ముందు లెండర్‌కి ఫోన్ చేయండి. ఒక్క పేమెంట్ కూడా తప్పకముందు మాట్లాడితే వాళ్ల దగ్గర దారులుంటాయి, మూడు తప్పాక మాట్లాడితే తక్కువుంటాయి.

ఇదేదో బయట నిలబడి చెప్తున్న నీతి అనుకోకండి. 2009 నుంచి 2015 దాకా నేను హెచ్-4 మీద స్టెర్లింగ్‌లో ఒక సింగిల్ బెడ్రూం అపార్ట్‌మెంట్‌లో కూర్చున్నదాన్నే. ఎంకాం చదివి, ఊళ్లో ఆడిటర్ దగ్గర మూడేళ్లు చేసి వచ్చి, ఇక్కడ కూపన్లు కత్తిరించుకుంటూ ఉన్నాను. అప్పుడు కూడా ఇది దేశంలోకెల్లా పెద్ద ఆదాయాల కౌంటీల్లో ఒకటే, అందులోనే మా ఒంటి జీతం ఇల్లూ ఉంది. 2015 మే 26న హెచ్-4 వాళ్లకి ఈఏడీ రూల్ అమల్లోకి వచ్చిన రోజు మావారు ఆఫీస్ నుంచి జిలేబీలు తెచ్చారు. మా ఇంటి ఈఎంఐ ఇప్పటికీ ఆయన ఒక్కరి జీతంలో సరిపోయేదే. బంధువులు "ఇంకా ఆ టౌన్‌హౌస్‌లోనేనా" అంటారు. అంటే అననీ.

మిగతావి త్వరగా.

"హైక్ వస్తే పై బ్రాకెట్‌లోకి పోతాం, చేతికి తగ్గుతుంది." తగ్గదండీ బాబూ. 2025కి జాయింట్‌గా వేసే జంటకి 2,06,700 డాలర్ల ట్యాక్సబుల్ ఇన్‌కమ్ దాటాక 24 శాతం మొదలవుతుంది. ఆ దాటిన డాలర్ల మీదే 24, కిందివి ఎప్పటిలాగే. దీనికి భయపడి ప్రమోషన్ వద్దన్న మనిషిని చూశాను, ఆయన బాస్ ఏమనుకుని ఉంటాడో.

"బోనస్ మీద ట్యాక్స్ ఎక్కువ." ఎక్కువ కాదు, చాలా కంపెనీలు బోనస్, ఆర్‌ఎస్‌యూల (కంపెనీ ఇచ్చే షేర్లు) మీద 22 శాతం చొప్పున పట్టుకుంటాయి, అది అడ్వాన్స్ అంతే. మీరు 24లోనో 32లోనో ఉంటే అసలు సమస్య తక్కువ పట్టుకోవడం.

ఇద్దరూ పని చేసేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని దాటేయలేను. ఇద్దరూ డబ్ల్యూ-4లో (జీతంలోంచి ఎంత ట్యాక్స్ పట్టాలో కంపెనీకి చెప్పే ఫారం) 'మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ' టిక్ పెట్టి, స్టెప్ 2లో రెండు ఉద్యోగాల గడిని ఖాళీగా వదిలేస్తారు. ఇద్దరి పేరోల్‌లూ ఇంటికి ఇదొక్కటే జీతం అనుకుని స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ వేయకుండా వదిలే భాగం) మొత్తం ఎవరికి వాళ్లే ఇచ్చేస్తాయి. పైన చెప్పిన 110, 65 జంటకి ఏడాదిలో ఏడువేల డాలర్ల దాకా తక్కువ కట్ అవుతుంది. ఏప్రిల్‌లో నా మీద అరుస్తారు. జీతాలు దగ్గరగా ఉంటే ఇద్దరూ ఆ గడిలో టిక్ పెట్టండి, బాగా తేడా ఉంటే ఐఆర్‌ఎస్ సైట్‌లో ఎస్టిమేటర్ వాడండి, పదిహేను నిమిషాల పని.

"డేటా సెంటర్ల వల్లే ఇక్కడ అందరికీ ఉద్యోగాలు." కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టాక అంత పెద్ద బిల్డింగ్‌లో పనిచేసేవాళ్లు చాలా కొద్దిమంది. డేటా సెంటర్లు కౌంటీకి ఇచ్చేది ట్యాక్స్. లోపలి కంప్యూటర్ల మీద వచ్చే ఆ పన్ను వల్ల కూడా ఇళ్ల పన్ను రేటు 2024లో 86.5 సెంట్లున్నది మరుసటి ఏడాది 80.5కి దిగింది. ఇళ్లకి జీతాలొచ్చేది మాత్రం ఫెడరల్ ప్రభుత్వం, దాని కాంట్రాక్టర్లు, ఐటీ, డలెస్ ఎయిర్‌పోర్ట్, ఆసుపత్రులు, స్కూళ్ల నుంచి. కౌంటీలో అన్నిటికంటే ఎక్కువమందికి పని ఇచ్చేది పబ్లిక్ స్కూల్ వ్యవస్థే. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడ్డప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. ఫెడరల్ ఉద్యోగులకి తర్వాత బ్యాక్ పే వచ్చింది, కాంట్రాక్టర్ల దగ్గర చేసేవాళ్లకి ఆ గ్యారంటీ లేదు. మనవాళ్లలో రెండోరకమే ఎక్కువ.

"రిచ్ కౌంటీ కదా, మనకి ఏ సాయమూ దొరకదు." అడక్కుండానే అనేసుకుంటారు. ఇక్కడ అఫర్డబుల్ డ్వెల్లింగ్ యూనిట్ అని ఇళ్ల ప్రోగ్రాం ఉంది, కొనేవాళ్లకి ఆదాయం ఏరియా మీడియన్‌లో 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. ఆ ఏరియా మీడియన్ వాషింగ్టన్ మెట్రో మొత్తానిది, నలుగురి కుటుంబానికి 2025లో 1,63,900. దాంట్లో 70 శాతం ఎంతో మీరే చూసుకోండి, టీచర్లు, నర్సులు, ఒంటి జీతం ఇళ్లు ఎన్ని అందులోకి వస్తాయో. మిగతా షరతులూ ఉంటాయి, కౌంటీ హౌసింగ్ వాళ్లనే అడగండి, గ్రూపులో కాదు.

చివరగా, పైన చెప్పిన సెన్సస్ సర్వే కోసం ఇళ్లకి వచ్చే కవరు. "అందులో ఆదాయం రాస్తే ఐఆర్‌ఎస్‌కి, ఇమిగ్రేషన్‌కి వెళ్తుంది" అని చింపి పారేస్తున్నారు. చట్టం ప్రకారం సెన్సస్ వాళ్లు మీ జవాబులు వేరే ఏ శాఖకీ ఇవ్వకూడదు, ఇచ్చిన ఉద్యోగికి జైలు. మీరు జవాబివ్వడం కూడా చట్టప్రకారం తప్పనిసరే. మా ఇంటికి 2013లో వచ్చింది, పుస్తకంలా ఉంటుంది. ఎక్కడ పని చేస్తారు, పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరతారు, ఏడాదిలో ఎంత వచ్చింది, అన్నీ మనిషి మనిషికీ విడిగా అడుగుతారు. మావారి పేజీలు నింపడానికి నాకు గంట పట్టింది, పేస్టబ్‌లు వెతుక్కుంటూ. నావి అయిదు నిమిషాల్లో అయిపోయాయి.