91వ కీర్తన తాయెత్తు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒకామె అందరూ వెళ్ళేదాకా చెప్పుల దగ్గరే నిలబడింది. "అయ్యగారూ, ఒక్క మాట" అంది. భర్తకు షుగర్, కాలి పుండు మానడం లేదు. దేవుణ్ణి ఆశ్రయించినవాడికి ఏ కీడూ రాదనే బైబిల్లోని 91వ కీర్తనను నలభై రోజులు ఉదయం, సాయంత్రం చదివితే ఇన్సులిన్ అక్కర్లేదని ఎవరో సోదరి ఫోన్‌లో చెప్పిందట. పదమూడు రోజులుగా ఇంజెక్షన్ మానేశారు. "మధ్యలో ఒక పూట తప్పిపోయిందయ్యా. అందుకే తగ్గట్లేదంటారా?"

ఆమెను ఏం అంటాం? భయంలో ఉన్న మనిషికి ఎవరే దారి చూపించినా అటే నడుస్తుంది. ముందు ఆటో పిలిచి ఇద్దరినీ ఆస్పత్రికి పంపాను. ఆ ఫోన్ సోదరి దొరికితే మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు.

సికింద్రాబాద్‌లో ఒక చిన్న సంఘానికి ఇరవై రెండేళ్ళుగా కాపరిని. వారానికి రెండు రోజులు ఆస్పత్రి వార్డుల్లో ప్రార్థనకు వెళ్తాను. స్కూటర్ డిక్కీలో 91, దిండు కింద 91, ఆపరేషన్ రోజు కాగితం మీద రాసి జాకెట్టుకు పిన్నీసుతో గుచ్చుకున్న 91, అన్నీ చూశాను. చదవొద్దని నేనెప్పుడూ అనను, నేనూ చదువుతాను. తగువంతా ఈ అపోహతోనే.

అపోహ: 91 చదివేవాళ్ళకు ఏ కీడూ రాదు. వచ్చిందంటే వాళ్ళ విశ్వాసంలోనే లోపం.

ఈ కీర్తన ఎత్తి చూపించి "దూకు, నీకేం కాదు" అన్నది ఎవరో గుర్తుందా? సాతాను. మత్తయి 4వ అధ్యాయం తీయండి. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు నిన్ను చేతులతో ఎత్తిపట్టుకుంటారనే 91లోని 11, 12 వచనాలు అప్పజెప్పాడు. యేసు ప్రభువు ఆ వచనాలు అబద్ధమనలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు, దూకలేదు. ఇన్సులిన్ పక్కన పెట్టి 91 పట్టుకోవడమంటే ఆ శిఖరం మీంచి దూకడమే.

ఇది ఈనాటి జబ్బు కాదులెండి. ఈ కీర్తన రాసి ఒంటికి కట్టుకున్న రక్షరేకులు ప్రాచీన కాలానివే బోలెడు దొరికాయి. మనం లామినేషన్ చేయిస్తున్నాం, అంతే తేడా.

అసలు 15వ వచనం దాకా ఎవరూ రారు. "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అని ఉంది అక్కడ. శ్రమే రానివాడికి శ్రమలో తోడెందుకు? దాని పక్క పేజీ కూడా చూడండి. 91కి ముందున్నది 90, మోషే ప్రార్థన. మనిషి ఆయుష్షు డెబ్బై ఏళ్ళు, బలముంటే ఎనభై, అదీ ఆయాసమూ దుఃఖమూనే అంటాడు. గడ్డిలా పొద్దున మొలిచి సాయంత్రానికి వాడిపోతామంటాడు. కీర్తనలను వరుసలో పెట్టినవాళ్ళు ఈ రెంటినీ పక్కపక్కన ఉంచారు. మనం ఒకటి చింపుకుని జేబులో పెట్టుకుంటున్నాం.

మా సంఘంలో పిల్లలు "ఆశ్రయం అంటే ఏంటి అంకుల్" అనడిగితే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు గురించి చెప్తాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారంటారు. చెట్టు వరదను ఆపలేదు. నీళ్ళు కిందనుంచి పోతూనే ఉన్నాయి, కొమ్మ పట్టుకున్నవాళ్ళ ఇళ్ళూ మునిగే ఉంటాయి. "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు" అనే 46వ కీర్తనలో కూడా సముద్రం ఘోషిస్తూనే ఉంటుంది, కొండలు కదులుతూనే ఉంటాయి. మరి చెట్టు అందక కొట్టుకుపోయినవాళ్ళ మాటేమిటి అని ఒక కుర్రాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కీర్తనలు రాసినవాళ్ళ దగ్గరా లేదు, కానీ వాళ్ళు ఆ మాట దేవుణ్ణే నిలదీసి అడిగారు.

ఇంత చెప్తున్నాను గానీ, ఈ తప్పు నేనూ చేశాను. 2020లో లాక్‌డౌన్ మొదలవగానే "ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అని స్టిక్కర్లు కొట్టించి ఇంటింటికీ ఇచ్చింది నేనే. పసుపు మీద ఎర్రక్షరాలు. మరుసటి ఏడాది మే నెలలో మా సంఘ పెద్ద ఒకాయన కోవిడ్‌తో పోయారు. సమాధి దగ్గర నలుగురమే, నేను పీపీఈ కిట్టులో చెమటలు కక్కుతూ వాక్యం చదివాను. పదిహేను రోజుల తర్వాత వాళ్ళింటికి వెళ్తే తలుపు మీద నా స్టిక్కర్ సగం పీకేసి ఉంది. గోళ్ళతో గీకినట్టు గీతలు. "సమీపించదు" అన్న ముక్క మాత్రం ఊడి రాలేదు. ఆ అమ్మ నన్నేమీ అనలేదు. టీ ఇచ్చి, "ఆయన విశ్వాసం తక్కువైందని మా ఆడపడుచు అంటోంది, నిజమేనా అయ్యగారూ?" అంది. భర్త పోయిన దుఃఖం చాలదన్నట్టు దాని మీద ఈ నింద. దానికి పునాది వేసింది నా స్టిక్కరే. ఆ రోజు ఆమెకు క్షమాపణ చెప్పి వచ్చాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ స్టిక్కర్లు కొట్టించలేదు.

అపోహ: భయపడితే, ఏడిస్తే అవిశ్వాసం.

56వ కీర్తన 3వ వచనం: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." దావీదు గాతు పట్టణంలో శత్రువులైన ఫిలిష్తీయులకు చిక్కినప్పటిదని పైన రాసి ఉంది. దావీదు భయపడలేదని అనడం లేదు, భయపడ్డ రోజే వచ్చానంటున్నాడు. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొఱ్ఱలే. 88 అయితే చివరికి కూడా తెల్లవారదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఐసీయూ బయట కుర్చీల్లో రాత్రంతా కూర్చున్నవాళ్ళకు "ఆనందించండి, స్తుతించండి" అని చెప్పేకంటే అది చదివి వినిపించండి. సిలువ మీద ప్రభువు నోట వచ్చింది కూడా 22వ కీర్తన మొదటి మాటే, "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని. ఆయన్ని కూడా అవిశ్వాసి అందామా?

మిగతావి గబగబా చెప్పేస్తాను. కీర్తనలన్నీ దావీదువేనంటారు. కాదు, ఆయన పేరున్నవి 73. ఆసాపు, కోరహు కుమారులు, మోషే, ఏతాను, హేమాను అందరూ ఉన్నారు. బైబిల్ నట్టనడిమి వచనం 118వ కీర్తన 8వ వచనమని వాట్సాప్‌లో ఏటా తిరుగుతుంది. మొత్తం 1189 అధ్యాయాలు, నడిమి అధ్యాయం 117వ కీర్తన. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో వచనాలు లెక్కపెట్టి చూసినా నడుమ 118:8 రాదు. వాక్యం మంచిదే, లెక్క తప్పు, ఫార్వర్డ్ చేయడం ఆపండి. 23 చావింట్లో చదివేదనుకుంటారు, కానీ అది బతికున్నవాడి మాట. ఒక్కసారి నెమ్మదిగా చదవండి, మూడో వచనం దాకా "ఆయన" అన్నవాడు గాఢాంధకారపు లోయలోకి దిగగానే "నీవు" అంటాడు.

ఆ షుగర్ పేషెంటును మొన్న బుధవారం వార్డులో చూశాను. ఇన్సులిన్ మళ్ళీ మొదలైంది. ఒక వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టర్లు అన్నారు. ఆమె నా వంక చూడకుండా సంచిలోంచి బైబిల్ తీసింది, 91 దగ్గర రిబ్బన్ పెట్టి ఉంది. "ఇది చదవొచ్చా, మానేయాలా?" అని అడిగింది. చదవమన్నాను, ముందు 13 చదువుదామన్నాను. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలుపెట్టేసరికి మంచం మీది ఆయన కళ్ళు తెరిచాడు.

"ఇట్లా కూడా అనొచ్చా అయ్యగారూ?" అన్నాడు.

"రాసే ఉందిగా" అన్నాను. నర్సు షుగర్ చూడ్డానికి వస్తే కాస్త పక్కకు జరిగి, మిగతా ఐదు వచనాలూ చదివాం.