పటిక నీళ్ల లాంటి బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ ఉండబట్టి తిరుపతిలో బ్యాటరీ సంగతి తెలియనివాళ్లు తక్కువ. నేను అల్యూమినియం అయాన్ బ్యాటరీలకు నీటి ఎలక్ట్రోలైట్లు (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య, అంటే ప్లస్, మైనస్ కొసల మధ్య ఉండే ద్రవాలు) తయారుచేస్తానని చెప్తే చాలు, ప్రశ్నలు మొదలవుతాయి. తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని జవాబులు రాస్తున్నాను.

అపోహ: నీళ్ల బ్యాటరీ అంటే నీళ్లతో నడిచేది

మా వీధిలో ఇన్వర్టర్లు బాగుచేసే తమ్ముడు "అన్నా, దీంట్లో నీళ్లు ఎన్నాళ్లకోసారి పోయాల?" అని అడిగాడు. ఇక్కడ నీళ్లు ఇంధనం కాదు. లవణం కరిగి, అయాన్లు (ఛార్జ్ ఉన్న కణాలు) అటూ ఇటూ తిరగడానికి దారి. లిథియం బ్యాటరీలో ఆ పని చేసే ద్రవం అంటుకుని మండుతుంది. దాని చోట నీళ్లు పెట్టగలిగితే ఆ భయం పోతుంది.

అపోహ: లిథియం ఒక ఎలక్ట్రాన్ ఇస్తే అల్యూమినియం మూడు ఇస్తుంది కాబట్టి మూడింతలు ఛార్జ్ పడుతుంది

బరువు లెక్కన లిథియమే ముందుంది. గ్రాముకు లిథియం 3860 మిల్లీఆంపియర్ అవర్లు, అల్యూమినియం 2980. పట్టే చోటు చూస్తే మాత్రం అల్యూమినియం చాలా మేలు: ఘన సెంటీమీటరుకు 8040 దాకా, లిథియం 2060 దగ్గరే ఆగుతుంది.

అయితే ఈ అంకెలు నిజం కావాలంటే కరిగిన లోహం ఛార్జింగ్‌లో మళ్లీ లోహంగా పేరుకోవాలి. అందుకు మైనస్ 1.66 వోల్టుల దాకా దిగాలి. అంతకు చాలా ముందే నీళ్లు విడిపోయి హైడ్రోజన్ బయటికొస్తుంది. ఫ్యాక్టరీల్లో అల్యూమినియాన్ని ఇప్పటికీ 1886లో కనిపెట్టిన పద్ధతిలో, 950 డిగ్రీల వేడిలో కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపిన అల్యూమినియం ఆక్సైడ్ నుంచి తీసేది అందుకే. ఇదంతా తెలిసి మాలో చాలామంది లోహపు రేకును పక్కనపెట్టి, అయాన్లకు లోపల చోటిచ్చే ఆక్సైడ్లు వాడుతున్నాం. అప్పుడు ఆ పెద్ద అంకె మన చేతికి రాదు. ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

అపోహ: నీళ్లున్న సెల్ 1.23 వోల్టులు దాటదు

విద్యార్థులు పాఠ్యపుస్తకం తెరిచి మరీ చూపిస్తారు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీని చూడమంటాను. ఆరు సెల్స్, ఒక్కొక్కటి 2 వోల్టులు, లోపల ఉన్నది ఆసిడ్ నీళ్లే. సీసం మీద హైడ్రోజన్ పుట్టడం చాలా నిదానం కాబట్టి అది నిలబడుతోంది. 1.23 దగ్గర నీళ్లు విడిపోవడానికి అవకాశం వస్తుంది. ఎంత వేగంగా విడిపోతాయన్నది ఎలక్ట్రోడ్‌నీ ఎలక్ట్రోలైట్‌నీ బట్టి ఉంటుంది. మా పనంతా ఆ వేగాన్ని తగ్గించడమే.

అపోహ: ఉప్పు ఎక్కువ కలిపితే సరిపోతుంది

2015లో ఒక లిథియం లవణాన్ని కిలో నీటికి 21 మోల్స్ (మోల్ అంటే కణాల సంఖ్యను లెక్కించే కొలత) కలిపి, సుమారు 3 వోల్టులు తట్టుకునే ఎలక్ట్రోలైట్ చేశారు. అప్పటి నుంచి ఈ మాట బాగా పాకింది. అందులో సగం నిజముంది. కిలో నీటిలో 55.5 మోల్స్ నీళ్లుంటాయి. 1 మోల్ అల్యూమినియం లవణం కలిపితే ఒక్కో అయాన్‌కు 55 నీటి అణువులు. అది గట్టిగా పట్టుకునేది ఆరింటినే. మిగతావి స్వేచ్ఛగా తిరుగుతూ, అవకాశం దొరికితే హైడ్రోజన్‌గా విడిపోతాయి. 5 మోల్స్ కలిపితే ఒక్కో అయాన్‌కు 11, ఆరు పోను మిగిలేవి ఐదు. వాటిని యూరియా, గ్లిజరాల్ లాంటివి కలిపి కట్టేయొచ్చు.

కానీ ద్రవం పాకంలా చిక్కబడుతుంది, అయాన్లు నెమ్మదిస్తాయి. పైగా సల్ఫేట్ అంత ఎక్కువగా కరగదు, క్లోరైడ్ స్టీల్‌ను తినేస్తుంది, బాగా కరిగే ట్రైఫ్లేట్ అనే లవణం ఖరీదెక్కువ. నన్నడిగితే, నీళ్లను కట్టేసే చవక పదార్థాల మీద పెట్టే సమయం ఖరీదైన లవణాల మీద పెట్టేదానికంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇంకో చిక్కుంది. ఆసిడ్ చుక్క కూడా కలపని అల్యూమినియం లవణపు నీళ్లను పులుపు కొలిచే పీహెచ్ పేపర్ మీద వేసి చూడండి, ఎర్రబడుతుంది. అల్యూమినియం అయాన్ తాను పట్టుకున్న నీళ్ల నుంచే ప్రోటాన్‌ను (పులుపునిచ్చే హైడ్రోజన్ అయాన్‌ను) వదిలేస్తుంది. ఆ పులుపు విరగ్గొడదామని కొత్తగా చేరినవాళ్లు క్షారం కలుపుతారు. పీహెచ్ 4 చుట్టుపక్కలకి రాగానే బీకర్‌లో తెల్లటి జిగురు తేలుతుంది. చెరువు నీళ్ల బిందెలో పటిక తిప్పితే బురదను పట్టుకుని అడుగుకు దిగేది ఇదే పదార్థం. బిందెలో అది మేలు చేస్తుంది. సెల్‌లో మాత్రం సెపరేటర్ (రెండు ఎలక్ట్రోడ్లను విడిగా ఉంచే పలచని తెర) రంధ్రాలు మూసుకుపోతాయి.

అపోహ: సత్తుకు తుప్పు పట్టదు, రేకుకేమీ కాదు

చింతపులుసును సత్తు (అల్యూమినియం) గిన్నెలో రాత్రంతా ఉంచకూడదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. రేకును కాపాడే సన్నని ఆక్సైడ్ పొర పులుపుకు కరిగిపోతుంది. మా ఎలక్ట్రోలైట్లు చింతపులుసు కంటే తక్కువేమీ కాదు.

అపోహ: నీళ్లే కాబట్టి ఏ ప్రమాదమూ లేదు

ఎలక్ట్రోలైట్ మండదు, నిజమే. హైడ్రోజన్ మండుతుంది. మూసిన సెల్‌లో అది చేరితే కాయిన్ సెల్ (మేం పరీక్షలకు వాడే బిళ్ల బ్యాటరీ) మూత ఉబ్బి, అంచు నుంచి తడి కారుతుంది.

అపోహ: కెపాసిటీ వచ్చిందంటే అల్యూమినియం లోపలికి వెళ్లినట్టే

కెపాసిటీ అంటే సెల్ ఎంత ఛార్జ్ దాస్తుందన్న లెక్క. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. మాలిబ్డినం ఆక్సైడ్‌తో ఒక సెల్ చక్కగా పనిచేస్తోందని వారమంతా సంతోషంగా తిరిగాను. తర్వాత అదే పీహెచ్ ఉన్న, అల్యూమినియం అసలే లేని ఆసిడ్ నీళ్లతో ఇంకో సెల్ కట్టాను. స్క్రీన్ మీద రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లోపలికి వెళ్లి వచ్చింది చాలావరకు ప్రోటానే. వారం పాటు నేను కొలిచింది వేరే బ్యాటరీని.

ప్రోటాన్ కూడా ఛార్జ్ మోస్తుంది, దాన్ని వాడుకోవడం తప్పేమీ కాదు. తెలియకుండా దానికి అల్యూమినియం పేరు పెడితే, ఎలక్ట్రోలైట్‌లో ఏ మార్పు ఎందుకు పనిచేసిందో ఎప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు మా ల్యాబ్‌లో కొత్త ఎలక్ట్రోలైట్ ఏది కలిపినా, దాని పక్కనే అల్యూమినియం లేని సెల్ ఒకటి నడుస్తుంది. పరీక్ష అయ్యాక ఎలక్ట్రోడ్‌ను కడిగి, కరిగించి, అందులో అల్యూమినియం ఎంతుందో కొలిచాకే నోట్‌బుక్‌లో కెపాసిటీ రాస్తాం.