సీసం వెళ్ళిన దారిలో బెంజీన్

నగరాల గాలి బాగుపడుతోందా, పాడవుతోందా అని అడిగితే ఏ విషం సంగతి అడుగుతున్నారో ముందు తేల్చుకోవాలి. సీసం, గంధకపు పొగ సంగతైతే చాలా పెద్ద నగరాల్లో కొన్ని దశాబ్దాలుగా తగ్గుముఖమే. నేల దగ్గరి గాలిలో చేరే ఓజోన్ వాయువు, సూక్ష్మ ధూళి అంత తేలిగ్గా లొంగలేదు. టైర్లు అరిగి రాలే పొడిని మొన్నమొన్నటి దాకా పట్టించుకున్నవాళ్ళే తక్కువ. కొలవని విషానికి గ్రాఫ్ ఉండదు కదా!

మొదటి ముద్దాయి బొగ్గు. పొగగొట్టాల్లోకి దిగి మసి దులిపేవారికి ఒక రకం చర్మ క్యాన్సర్ వస్తోందని లండన్ వైద్యుడు పెర్సివాల్ పాట్ 1775లోనే రాశాడు. ఆ మసిలో ఉండే బెంజోపైరీన్ అనే పదార్థాన్ని తారు నుంచి విడదీయడానికి 1933 దాకా పట్టింది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మేసిన పొగమంచుకు 4,000 మంది బలయ్యారని అప్పట్లో లెక్కవేశారు. తర్వాతి అంచనాలు 12,000 దాకా వెళ్ళాయి. 1956లో బ్రిటన్‌లో పొగను అదుపు చేసే చట్టం వచ్చింది, ఇళ్ళలో పొగ వచ్చే బొగ్గు తగ్గింది. విద్యుత్ కేంద్రాలు మాత్రం బొగ్గు మానలేదు, పొగగొట్టాల ఎత్తు పెంచాయి. ఊళ్ళో పడాల్సిన గంధకం గాలివాటున పోయి స్కాండినేవియా సరస్సుల్లో ఆమ్లవర్షమై కురిసింది.

లాస్ ఏంజిలెస్ కథ వేరు. 1943 జులైలో అక్కడ కళ్ళు మండించే పొగ కమ్మితే, యుద్ధకాలం కాబట్టి శత్రువు విషవాయువు వదిలాడేమోనని కొందరు భయపడ్డారు. తర్వాత నేరాన్ని కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీ మీద వేశారు. దాన్ని మూయించినా పొగ పోలేదు. చివరికి ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల మొదట్లో గుట్టు విప్పాడు. పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయి. అంటే ఆ విషం ఏ గొట్టం నుంచీ నేరుగా రావడం లేదు, గాలిలోనే తయారవుతోంది. మండేది తగ్గించినంత మాత్రాన అదే నిష్పత్తిలో ఓజోన్ తగ్గకపోవడానికి మూలం ఈ రసాయనమే.

అన్నిటికంటే నిలిచి చూడాల్సింది సీసం కథ. ఇంజిన్ కొట్టుకోకుండా నడవడానికి పెట్రోల్లో సీసం సమ్మేళనం కలిపితే చాలని జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ 1921లో కనిపెట్టాడు. ఆల్కహాలుతోనూ ఆ పని అవుతుందని అప్పటికే తెలుసు. సీసం విషమని రోమన్ల కాలం నుంచీ తెలుసు. అందుకే కాబోలు, సరుకు పేరులో సీసం మాటే రానివ్వకుండా ‘ఇథైల్’ అని అమ్మారు. 1924లో తయారీ కేంద్రంలో కార్మికులు పిచ్చెక్కినట్టయి చనిపోతే, మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, ఆవిరి పీల్చి చూపించాడు. ఆయనకు సీసం సోకి విశ్రాంతి తీసుకున్నది అంతకు ముందు ఏడాదే! అమ్మకాలు కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

మనిషి ఒంట్లో కాస్త సీసం ఉండడం సహజమేనని పరిశ్రమ పక్షాన దశాబ్దాల పాటు వాదించారు. ఆ మాటను కొట్టేసింది అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్. భూమి వయసు లెక్కగట్టే పనిలో తన ప్రయోగశాలలో ఎక్కడ చూసినా సీసమే తగులుతుంటే విసిగి, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికాడు. గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో పాతవాటితో పోలిస్తే కొత్తవాటిలో సీసం ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది.

అంత చేసినా, అమెరికాలో 1975 నుంచి సీసం లేని పెట్రోలు విరివిగా దొరకడానికి తక్షణ కారణం పిల్లల ఆరోగ్యం కాదు. పొగను శుభ్రం చేయడానికి కార్లకు బిగించిన క్యాటలిటిక్ కన్వర్టర్ సీసం తగిలితే పాడైపోతుంది, అదీ సంగతి. యంత్రం కోసం చేసిన పని మనుషులకు మేలు చేసింది. పెట్రోల్లో సీసం తగ్గినకొద్దీ జనం రక్తంలోనూ దాదాపు అదే వాలులో తగ్గింది. కాలుష్య చరిత్రలో కారణం, ఫలితం ఇంత స్పష్టంగా కలిసి నడిచిన సందర్భాలు అరుదు. చిట్టచివరి దేశం అల్జీరియా. అక్కడ వాహనాలకు సీసం పెట్రోలు అమ్మడం 2021 జులైలో ఆగింది.

మరి సీసం చేసిన పని ఎవరు చేయాలి? చాలా చోట్ల పెట్రోల్లో బెంజీన్ కుటుంబపు పదార్థాల వాటా పెంచారు. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చేది. దానికి హద్దు పెట్టడానికి మళ్ళీ ఏళ్ళు పట్టింది. యూరప్‌లో పెట్రోల్లో 1 శాతం మించకూడదన్న నియమం 2000లో అమలయింది. ఎంటీబీఈ అనే మరో ప్రత్యామ్నాయం అమెరికాలో భూగర్భ ట్యాంకుల నుంచి కారి బావి నీళ్ళలో చేరింది. ఇంతలో యూరప్ డీజిల్ కార్ల వైపు మొగ్గింది. మైలేజీ ఎక్కువ, మసీ ఎక్కువే. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. పీఎం 2.5 (2.5 మైక్రాన్లకు మించని సూక్ష్మ ధూళి) వార్షిక సగటు ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదన్న ఆ సంస్థ సూచన 2021లో 5కు దిగింది.

ఇప్పుడు సైలెన్సర్ నుంచి వచ్చేది తగ్గినకొద్దీ బ్రేకులు, టైర్లు, రోడ్డు అరిగి లేచే ధూళి వాటా పెరుగుతోంది. విద్యుత్ కారుకు పొగ లేదు కానీ టైర్లు ఉన్నాయి. రంగులు, జిగురులు, పరిమళాల నుంచి లేచే ఆవిర్లు కూడా కొన్ని నగరాల్లో వాహనాల ఆవిర్లతో పోటీ పడుతున్నాయి.

పాత విషమైనా పూర్తిగా పోయిందా అంటే, లండన్ గాలిలోని ధూళిని పరీక్షించి 2021లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. బ్రిటన్‌లో సీసం పెట్రోలు అమ్మకం ఆగి అప్పటికే ఇరవై ఏళ్ళు దాటింది. అయినా ఆ ధూళిలోని సీసంలో 40 శాతం దాకా ఆ పెట్రోలుదే. రోడ్ల పక్కన మట్టిలో ఇంకిపోయి, బండి వెళ్ళినప్పుడల్లా మళ్ళీ లేస్తోంది.